సొంత క్లౌడ్... ముందు కాగితం మీద కట్టాలి!

క్లౌడ్ ఉద్యోగం అనగానే అమెజాన్, మైక్రోసాఫ్ట్, గూగుల్ గుర్తొస్తాయి. కానీ ప్రభుత్వ శాఖలు, బ్యాంకులు, టెలికాం కంపెనీలు, పరిశోధన సంస్థలు తమ సొంత సర్వర్ల మీద నడుపుకొనే ప్రైవేట్ క్లౌడ్లు కూడా ఉన్నాయి. వాటిని ఇన్‌స్టాల్ చేసే కమాండ్లు ఎవరికైనా నెట్‌లో దొరుకుతాయి. ఎన్ని సర్వర్లు కావాలి, ఎక్కడ పెట్టాలి, కరెంటు పోతే ఏంటి, వరదొస్తే ఏంటి అన్న లెక్క మాత్రం ఎవరికి వాళ్లు వేసుకోవాల్సిందే. ఇంటర్వ్యూలో ఒక ఫ్రెషర్‌ను మిగతావాళ్ల నుంచి వేరుచేసేది ఆ లెక్కే. ఖమ్మం నుంచి భద్రాచలం అడవి అంచు దాకా ఉన్న పరిస్థితులనే ఉదాహరణగా తీసుకుని, ఆ ప్లాన్ ఎలా వేయాలో చూద్దాం.

ప్రైవేట్ క్లౌడ్ అంటే...

నాలుగు సర్వర్లు కొని వాటిలో వర్చువల్ మెషిన్లు నడిపితే అది క్లౌడ్ అయిపోదు. అది వర్చువలైజేషన్ మాత్రమే. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2011లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం క్లౌడ్‌కు ఐదు లక్షణాలు ఉండాలి. వాడేవాళ్లు ఎవర్నీ అడగకుండా తమకు కావాల్సింది తామే తీసుకోగలగాలి. నెట్‌వర్క్ ద్వారా ఎక్కడి నుంచైనా అందాలి. వనరులన్నీ ఒకే చోట కలిపి అందరికీ పంచాలి. అవసరాన్ని బట్టి వెంటనే పెరగాలి, తగ్గాలి. ఎవరు ఎంత వాడారో లెక్క ఉండాలి.

ఈ ఐదూ ఉండి, మొత్తం ఏర్పాటు ఒకే సంస్థ వాడకానికి పరిమితమైతే అది ప్రైవేట్ క్లౌడ్. 'వర్చువలైజేషన్‌కూ క్లౌడ్‌కూ తేడా ఏంటి?' అన్న ప్రశ్నకు ఈ ఐదు పాయింట్లే సమాధానం.

ఎక్కడున్నాయి?

మన దగ్గర అన్నిటికంటే పెద్ద ఉదాహరణ కేంద్ర ప్రభుత్వ 'మేఘరాజ్'. ప్రతి శాఖా విడివిడిగా సర్వర్లు కొనడం, అవి సగం ఖాళీగా ఉండటం... ఈ ఖర్చును తగ్గించడానికి జాతీయ సమాచార కేంద్రం (ఎన్‌ఐసీ) 2014 ఫిబ్రవరిలో నేషనల్ క్లౌడ్‌ను ప్రారంభించింది. ఎన్‌ఐసీకి ఉన్న జాతీయ డేటా సెంటర్లలో ఒకటి హైదరాబాద్‌లోనే ఉంది. ఢిల్లీ, పుణె, భువనేశ్వర్‌లలో మరికొన్ని ఉన్నాయి. ఒక్క చోటే కాకుండా ఇన్ని చోట్ల ఎందుకు? ప్లానింగ్‌లో మొదటి పాఠం అదే. దాని గురించి కింద చెప్పుకుందాం.

ప్రైవేట్ క్లౌడ్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కువగా వినిపించే పేరు ఓపెన్‌స్టాక్. నాసా, ర్యాక్‌స్పేస్ కలిసి 2010లో మొదలుపెట్టాయి. ఇది ఓపెన్ సోర్స్, లైసెన్స్ ఫీజు లేదు. జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన కేంద్రం 2013 నుంచి తన కంప్యూటింగ్‌ను దీని మీదే నడుపుతోంది. తర్వాతి కాలంలో అది 3 లక్షలకు పైగా కోర్లకు పెరిగింది.

ఇంకో మార్పు కూడా గమనించాలి. కంపెనీల డేటా సెంటర్లలో ఏళ్లుగా పాతుకుపోయిన వీఎంవేర్‌ను 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ కొనేసింది. ఆ వెంటనే శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపేసి చందా పద్ధతికి మార్చింది. దాంతో చాలా సంస్థలు ఓపెన్‌స్టాక్, ప్రాక్స్‌మాక్స్, క్లౌడ్‌స్టాక్, న్యూటానిక్స్ లాంటి ప్రత్యామ్నాయాల వైపు చూస్తున్నాయి. ఒక ప్లాట్‌ఫామ్ నుంచి ఇంకోదానికి మారడమంటే మళ్లీ మొదటి నుంచీ ప్లాన్ వేయడమే. ఉద్యోగాల కోణంలో ఇది ముఖ్యమైన విషయం.

అసలు అవసరమా?

మంచి ప్లాన్ ఈ ప్రశ్నతో మొదలవుతుంది. జవాబు చాలాసార్లు 'వద్దు' అనే వస్తుంది. వాడకం ఒక్కోరోజు ఎక్కువ, ఒక్కోరోజు సున్నా అయితే పబ్లిక్ క్లౌడే చౌక. నడిపే మనుషులు లేకపోతే సొంత క్లౌడ్ పెట్టుకోకపోవడమే మంచిది. సర్వర్ కొనడానికి డబ్బు ఒక్కసారి దొరుకుతుంది, దాన్ని చూసుకునే మనిషి జీతం ప్రతి నెలా కావాలి.

మరి ఎప్పుడు అవసరం? మూడు సందర్భాలు చెప్పుకోవచ్చు.

* వాడకం ఏడాది పొడవునా దాదాపు ఒకేలా ఉన్నప్పుడు.
* డేటా సంస్థ గడప దాటకూడదన్నప్పుడు. ఆస్పత్రి రికార్డులు, భూమి పత్రాలు, విద్యార్థుల వివరాలు ఈ కోవలోకి వస్తాయి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చాక ఈ వివరాలు కాపాడే బాధ్యత ఇంకా పెరిగింది.
* ఇంటర్నెట్ తెగినా పని ఆగకూడదన్నప్పుడు. అడవి అంచు ఊళ్లకు ఈ మూడోదే అసలు కారణం. హైదరాబాద్‌లోని సర్వర్ బాగానే ఉన్నా, దారిలో కేబుల్ తెగితే ఇక్కడి కౌంటర్ దగ్గర క్యూ కదలదు.

ఉదాహరణకు ఒక కాలేజీ

లెక్క నేర్చుకోవడానికి ఒక ఊహా ప్రాజెక్టు తీసుకుందాం. భద్రాచలం పరిసరాల్లో ఒక కాలేజీ ఉంది. 120 మంది విద్యార్థులకు ల్యాబ్ కోసం తలా ఒక వర్చువల్ మెషిన్ ఇవ్వాలి. ఒకేసారి 60 మంది మాత్రమే ల్యాబ్‌లో ఉంటారు. వీటితోపాటు వెబ్‌సైట్, హాజరు, పరీక్షలు, లైబ్రరీ లాంటి సేవలకు ఇంకో 10 మెషిన్లు కావాలి. ఎక్కడి నుంచి మొదలుపెడతారు? సర్వర్ కొటేషన్ తెప్పించడంతో మాత్రం కాదు. ముందు చోటు చూడాలి.

చోటు: నది ఏం చెబుతోంది?

భద్రాచలం దగ్గర గోదావరికి మూడు ప్రమాద హెచ్చరికలు ఉన్నాయి. 43 అడుగులకు మొదటిది, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. 1986లో అయితే 75.6 అడుగులకు చేరి రికార్డు మిగిల్చింది. ఇవన్నీ నది దగ్గరి కొలమానం లెక్కలు. మీ భవనం నేల ఏ మట్టానికి మునుగుతుందో విడిగా తెలుసుకోవాలి. దీనికి పెద్ద సర్వే అక్కర్లేదు. ఊళ్లో పెద్దవాళ్లను 'ఎనభై ఆరులో, మొన్న ఇరవై రెండులో ఇక్కడికి నీళ్లొచ్చాయా?' అని అడిగితే గోడ మీద గుర్తు చూపిస్తారు. ఆ గుర్తు పైన కనీసం ఒక అంతస్తు ఎత్తులో సర్వర్ గది ఉండాలి. సర్వర్లు పై అంతస్తులో పెట్టి, జనరేటర్, బ్యాటరీలు కింద పెడితే ప్రయోజనం లేదు. నీళ్లకు మొదట చిక్కేది కరెంటే.

వరద తర్వాత భూకంపం. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలో 5.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. 2024 డిసెంబరు 4న పొరుగున ములుగు జిల్లా కేంద్రంగా 5.3 తీవ్రతతో భూమి కంపించింది. కాబట్టి ర్యాక్‌ను నేలకు బోల్టులతో బిగించాలి. బరువైన యూపీఎస్ అడుగు అరలో ఉండాలి.

ఇక దుమ్ము. కొత్తగూడెం, ఇల్లెందు, మణుగూరులలో బొగ్గు గనులున్నాయి. పాల్వంచ, మణుగూరులలో థర్మల్ కేంద్రాలున్నాయి. అటువైపు సర్వర్ గది కిటికీ తీస్తే ఫిల్టర్లు త్వరగా నిండిపోతాయి. గదిని మూసి ఉంచడం, ఫిల్టర్ మార్చే తేదీలు రాసుకోవడం ప్లాన్‌లో భాగమే. కేబుల్ వెళ్లే రంధ్రాలు కూడా పూడ్చాలి, లేకపోతే ఎలుకలు వైర్లు కొరికేస్తాయి.

లెక్క: ఎన్ని సర్వర్లు?

ఇప్పుడు కాగితం, పెన్ను తీసుకోండి. విద్యార్థి మెషిన్ ఒక్కోదానికి 2 వర్చువల్ సీపీయూలు, 4 జీబీ ర్యామ్, 40 జీబీ డిస్క్. సేవల మెషిన్ ఒక్కోదానికి 4 సీపీయూలు, 8 జీబీ ర్యామ్, 100 జీబీ డిస్క్ అనుకుందాం.

* సీపీయూ: 60 × 2 = 120, 10 × 4 = 40. మొత్తం 160. అందరూ ఒకే క్షణంలో పూర్తి వేగంతో వాడరు కాబట్టి ఒక అసలు కోర్ మీద 4 వర్చువల్ సీపీయూలు నడపవచ్చు. అంటే 40 అసలు కోర్లు చాలు.
* ర్యామ్: 60 × 4 = 240 జీబీ, 10 × 8 = 80 జీబీ. మొత్తం 320 జీబీ. సీపీయూలాగా ర్యామ్‌ను ఒకటికి నాలుగు చేసి పంచొద్దు. చాలకపోతే మెషిన్లు ఆగిపోతాయి.
* డిస్క్: ల్యాబ్‌లో 60 మందే ఉన్నా, 120 మంది ఫైళ్లూ ఉండాలి. 120 × 40 = 4.8 టీబీ. సేవలకు 1 టీబీ. మొత్తం 5.8 టీబీ.

ఇక్కడ చాలామంది పొరపడతారు. 40 కోర్లు, 320 జీబీ అని ఒకే పెద్ద సర్వర్ కొనేస్తారు. అది పాడైతే కాలేజీ మొత్తం ఆగిపోతుంది. కనీసం మూడు సర్వర్లు ఉండాలి. వాటిలో ఒకటి పోయినా మిగతా రెండూ మొత్తం బరువు మోయగలగాలి. మూడే ఎందుకంటే, ఏ నిర్ణయానికైనా మెజారిటీ కావాలి. రెండే ఉంటే, మధ్యలో కేబుల్ తెగినప్పుడు ప్రతిదీ 'నేనే బతికున్నా, రెండోది పోయింది' అనుకుంటుంది. రెండూ ఒకే డేటాను వేర్వేరుగా రాసి పాడుచేస్తాయి. మూడుంటే ఇద్దరి మాట చెల్లుతుంది.

కాబట్టి రెండు సర్వర్ల మీద 320 జీబీ పడితే ఒక్కోదానికి 160 జీబీ. క్లౌడ్ సొంత సేవలకు, స్టోరేజీకి ఇంకో 64 జీబీ కలిపితే 224. మార్కెట్లో దొరికే సైజు 256 జీబీ. అలాగే కోర్లు ఒక్కోదానికి 20, సొంత అవసరాలకు పదో పన్నెండో కలిపితే 32.

డిస్క్‌కు సెఫ్ అనే ఓపెన్ సోర్స్ స్టోరేజీ వాడితే, ప్రతి ఫైలు మూడు ప్రతులుగా మూడు సర్వర్లలో ఉంటుంది. 5.8 × 3 = 17.4 టీబీ. నిండుగా నింపకుండా 70 శాతం దగ్గరే ఆపాలంటే దాదాపు 25 టీబీ కావాలి. సర్వర్‌కు 3.84 టీబీ ఎస్‌ఎస్‌డీలు మూడు చొప్పున పెడితే మొత్తం 34.56 టీబీ. మూడు ప్రతులు పోను వాడుకోగలిగేది 11.52 టీబీ. మన 5.8 టీబీ అందులో సగమే. వచ్చే ఏడాది కొత్త బ్యాచ్‌కు చోటు మిగిలింది.

మొత్తం లెక్క ఒక్క పేజీ కూడా కాలేదు. కానీ 'ఎందుకు 256 జీబీ?' అని ఎవరడిగినా చెప్పగలిగే జవాబు మీ దగ్గరుంది.

నెట్‌వర్క్: నాలుగు దారులు

క్లౌడ్‌లో ట్రాఫిక్‌ను కలగాపులగం చేయకూడదు. నిర్వహణకు ఒకటి, స్టోరేజీకి ఒకటి, వర్చువల్ మెషిన్ల మధ్య మాటలకు ఒకటి, బయటి ప్రపంచానికి ఒకటి... ఇలా నాలుగు వీల్యాన్‌లు విడదీయాలి. స్టోరేజీకి కనీసం 10 జీబీపీఎస్ ఉండాలి. స్విచ్‌లు రెండు పెట్టి, ప్రతి సర్వర్ నుంచి రెండింటికీ కేబుల్ వేయాలి.

ఏ సర్వర్‌కు ఏ ఐపీ అడ్రస్, ఏ కేబుల్ ఏ పోర్టులోకి వెళ్తుంది అన్నది పట్టికగా రాయాలి. ఇన్‌స్టలేషన్ మధ్యలో ఐపీ మార్చాల్సి వస్తే చాలాసార్లు మొదటి నుంచీ చేయాల్సిందే. ఇంకో చిన్న విషయం టైమ్. సర్వర్ల గడియారాల మధ్య 0.05 సెకన్ల తేడా వచ్చినా సెఫ్ హెచ్చరిక ఇస్తుంది. ఇంటర్నెట్ లేనప్పుడు కూడా టైమ్ సరిచూసుకునేలా లోపలే ఒక టైమ్ సర్వర్ పెట్టుకోవాలి.

అడవి ప్రాంతంలో ఇంకో సమస్య ఉంది. అటవీ భూమిలో కేబుల్ కోసం తవ్వాలంటే 1980 అటవీ సంరక్షణ చట్టం కింద అనుమతులు కావాలి. కొత్త ఫైబర్ లైన్ మీద ఆధారపడిన ప్రాజెక్టు అయితే ఆ సమయాన్ని కూడా ప్లాన్‌లో కలపాలి. ఈలోగా వేరే దారిలో, వేరే కంపెనీ నుంచి ఇంకో కనెక్షన్ తీసుకోవాలి. రెండు కంపెనీల కేబుళ్లూ ఒకే స్తంభం మీద వేలాడుతుంటే అవి రెండు కనెక్షన్లు కావు, ఒకటే.

కరెంటు, చల్లదనం

రాష్ట్రానికి కరెంటు ఇచ్చే పాల్వంచ, మణుగూరు ఇక్కడే ఉన్నా, గాలివానకు అడవిలో చెట్టు విరిగి లైన్ మీద పడితే ఊరికి కరెంటు ఉండదు. ఏ ఫీడర్ నుంచి సరఫరా వస్తోంది, నెలలో ఎన్నిసార్లు ఎంతసేపు పోతోంది అన్నది విద్యుత్ ఆఫీసులో అడిగి రాసుకోండి.

సర్వర్ ఒక్కోటి గరిష్ఠంగా 500 వాట్లు తీసుకుంటుందనుకుందాం. మూడింటికి 1500, స్విచ్‌లకు 200. మొత్తం 1700 వాట్లు. దీనికి 3 కేవీఏ యూపీఎస్ సరిపోతుంది. అరగంట నిలబడే బ్యాటరీ, ఆలోపు స్టార్టయ్యే జనరేటర్ కావాలి. ఏడాదికి 1.7 × 24 × 365 = 14,892 యూనిట్లు. ఏసీలది దీనికి అదనం. మీ కాలేజీ టారిఫ్‌తో గుణిస్తే బిల్లు ఎంతో తెలిసిపోతుంది. కొనుగోలు ధరలో ఎవరూ చూపించని ఖర్చు ఇది.

సర్వర్ తీసుకున్న కరెంటంతా వేడిగా బయటికొస్తుంది. 1700 వాట్ల వేడి లాగడానికి లెక్క ప్రకారం అర టన్ను ఏసీ చాలు. కానీ మే నెలలో కొత్తగూడెం, భద్రాచలంలలో ఎండ 45 డిగ్రీల దాకా వెళ్తుంది. కాబట్టి టన్నున్నర ఏసీలు రెండు పెట్టి, ఒకటి పాడైతే రెండోది చూసుకునేలా ఏర్పాటు చేయాలి. సర్వర్‌లోకి వెళ్లే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలన్నది సాధారణ ప్రమాణం. ఏసీలు జనరేటర్ లైన్ మీద ఉన్నాయో లేదో తప్పక చూడండి. యూపీఎస్ మీద సర్వర్లు నడుస్తూ, ఏసీలు ఆగిపోతే గది కాసేపట్లోనే వేడెక్కిపోతుంది. పిడుగుల ప్రాంతం కాబట్టి ఎర్తింగ్, సర్జ్ ప్రొటెక్టర్ ఖర్చు దగ్గర బేరమాడొద్దు.

రెండో ప్రతి ఎక్కడ?

మూడు ప్రతులున్నా మూడూ ఒకే గదిలో ఉన్నాయి. గది మునిగితే మూడూ పోతాయి. అందుకే ఇంకో ఊళ్లో బ్యాకప్ ఉండాలి. ఖమ్మం సరిపోతుందా? 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఖమ్మం నగరంలోనూ కాలనీలు మునిగాయి. అయితే మున్నేరు కృష్ణా బేసిన్‌లోది, భద్రాచలం దగ్గరున్నది గోదావరి. రెండూ ఒకే రోజు పొంగే అవకాశం తక్కువే కానీ ఒకే అల్పపీడనం రెండింటినీ ముంచవచ్చు. ఎత్తైన చోటు చూసుకుంటే ఖమ్మం, ఇంకా భద్రం కావాలంటే హైదరాబాద్. ఎన్‌ఐసీ వేర్వేరు నగరాల్లో డేటా సెంటర్లు ఎందుకు పెట్టుకుందో ఇప్పుడు అర్థమైంది కదా!

దీనికీ లెక్క ఉంది. 100 ఎంబీపీఎస్ లైన్ మీద 5.8 టీబీ మొత్తం పంపాలంటే 5 రోజులకు పైగా పడుతుంది. కాబట్టి మొదటి ప్రతిని హార్డ్‌డిస్క్‌లో పెట్టుకుని బస్సులో తీసుకెళ్లడమే నయం. డిస్క్‌లోని డేటాకు ఎన్‌క్రిప్షన్ మాత్రం మర్చిపోవద్దు. ఆ తర్వాత రోజూ మారేది ఒక శాతం, అంటే 58 జీబీ అనుకుంటే గంటా ఇరవై నిమిషాల్లో వెళ్లిపోతుంది.

ఇంటర్వ్యూల్లో అడిగే ఆర్‌పీఓ, ఆర్‌టీఓ ఇవే. ఎంతసేపటి డేటా పోయినా తట్టుకోగలం అన్నది ఆర్‌పీఓ. ఎంతసేపట్లో మళ్లీ నిలబెట్టాలి అన్నది ఆర్‌టీఓ. రోజుకోసారి బ్యాకప్ తీస్తే ఆర్‌పీఓ 24 గంటలు. హాజరు పట్టికకు అది చాలు, పరీక్షల మార్కులకు చాలదు.

సాఫ్ట్‌వేర్ ఎంపిక

మూడు సర్వర్లు, ఒక్కరే అడ్మిన్ అయితే ప్రాక్స్‌మాక్స్ తేలిక. విద్యార్థులు తమంతట తామే మెషిన్లు తీసుకోవాలి, శాఖలకు వేర్వేరు కోటాలు ఇవ్వాలి, రేపు ఇంకా పెంచాలి అంటే ఓపెన్‌స్టాక్ లేదా క్లౌడ్‌స్టాక్ చూడాలి. ఓపెన్‌స్టాక్‌లో ముఖ్య భాగాలు తెలిసుండాలి: లాగిన్లు చూసేది కీస్టోన్, ఇమేజ్‌లు ఉంచేది గ్లాన్స్, మెషిన్లు నడిపేది నోవా, నెట్‌వర్క్‌కు న్యూట్రాన్, డిస్కులకు సిండర్, తెర మీద కనిపించేది హొరైజన్.

ఏటా రెండు కొత్త విడుదలలు వస్తాయి. అప్‌గ్రేడ్ ఎప్పుడు చేస్తారో ముందే క్యాలెండర్‌లో రాయాలి. వేసవి సెలవులు దానికి మంచి సమయం. అలాగే ఇన్‌స్టలేషన్‌కు కావాల్సిన ప్యాకేజీలు, కంటెయినర్ ఇమేజ్‌లు హైదరాబాద్‌లోనే డౌన్‌లోడ్ చేసి లోకల్ రిజిస్ట్రీలో పెట్టుకుని వెళ్లండి. అక్కడికెళ్లాక నెట్ నెమ్మదిగా ఉందని రెండు రోజులు కూర్చోవాల్సిన పని ఉండదు.

అప్పగించే ముందు పరీక్ష

ఇన్‌స్టాల్ అయ్యిందంటే పని అయిపోయినట్టు కాదు. విద్యార్థులకు ఇచ్చే ముందు ఇవి చేసి చూడాలి.

* నడుస్తున్న సర్వర్ ఒకటి ప్లగ్ పీకండి. దానిలోని మెషిన్లు మిగతా రెండింటిలో లేస్తున్నాయా?
* ఒక స్విచ్ ఆపండి. పని ఆగిందా?
* మెయిన్ ఆపండి. జనరేటర్ ఎంతసేపట్లో వచ్చింది? ఏసీలు తిరుగుతున్నాయా?
* బ్యాకప్ నుంచి ఒక మెషిన్ వెనక్కి తెచ్చి తెరవండి. తెచ్చి చూడని బ్యాకప్‌ను నమ్మొద్దు.
* ఇదంతా చేసిన పద్ధతి తెలుగులోనో ఇంగ్లిష్‌లోనో రాసి గదిలో అంటించండి. మీరు సెలవులో ఉన్నప్పుడు ఇంకొకరు చేయగలగాలి.

ఇంట్లోనే ప్రాక్టీస్

సర్వర్లు లేకపోయినా నేర్చుకోవచ్చు. కొల్లా-యాన్సిబుల్ అనే పద్ధతిలో ఒకే మెషిన్ మీద ఓపెన్‌స్టాక్ పెట్టడానికి కనీస అవసరాలు 8 జీబీ ర్యామ్, 40 జీబీ డిస్క్, రెండు నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌లు. 16 జీబీ ల్యాప్‌టాప్‌లో ఒక వర్చువల్ మెషిన్ చేసుకుంటే చాలు. అంత లేకపోతే పాత డెస్క్‌టాప్ మీద ప్రాక్స్‌మాక్స్‌తో మొదలుపెట్టండి. నలుగురు స్నేహితులు కలిసి మూడు పాత కంప్యూటర్లు సంపాదిస్తే క్లస్టర్ కూడా కట్టేయవచ్చు.

నేర్చుకునే వరుస ఇలా ఉంటే మంచిది: మొదటి రెండు నెలలు లినక్స్, తర్వాత నెట్‌వర్కింగ్ (ఐపీ, సబ్‌నెట్, వీల్యాన్), ఆ తర్వాత వర్చువలైజేషన్, యాన్సిబుల్, చివరగా ఓపెన్‌స్టాక్, కుబర్నెటిస్. పునాది లేకుండా నేరుగా చివరిదానికి దూకితే, ఎర్రర్ వచ్చినప్పుడు ఎక్కడ వెతకాలో తెలియదు.

ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ ఖరగ్‌పుర్ అందించే క్లౌడ్ కంప్యూటింగ్ కోర్సు ఉచితంగా వినవచ్చు. సర్టిఫికెట్లలో లినక్స్‌కు ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ, కుబర్నెటిస్‌కు సీకేఏ రెండూ ప్రాక్టికల్ పరీక్షలే. బట్టీ పనికిరాదు. డిగ్రీ తర్వాత చదవాలనుకుంటే సీ-డ్యాక్‌లో ఐటీ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్, సిస్టమ్స్, సెక్యూరిటీ పీజీ డిప్లొమా ఉంది. ప్రవేశం సీ-క్యాట్ ద్వారా.

ఉద్యోగాలు ఏ పేరుతో ఉంటాయి?

ఫ్రెషర్‌కు నేరుగా 'క్లౌడ్ ఆర్కిటెక్ట్' అని ఎవరూ ఇవ్వరు. లినక్స్ అడ్మిన్, నెట్‌వర్క్ ఆపరేషన్స్ (నాక్) ఇంజినీర్, క్లౌడ్ సపోర్ట్, డేటా సెంటర్ టెక్నీషియన్, బ్యాకప్-స్టోరేజీ అడ్మిన్ పేర్లతో వెతకండి. షిఫ్టులుంటాయి, రాత్రిళ్లు పని ఉంటుంది. ముందే తెలుసుకుని వెళ్లాలి. ప్రభుత్వ రంగంలో ఎన్‌ఐసీ నియామకాలు గమనించండి. 2023లో సైంటిస్ట్-బి, సైంటిఫిక్ ఆఫీసర్, అసిస్టెంట్ కలిపి 598 పోస్టులకు నైలిట్ ద్వారా ప్రకటన వచ్చింది. 2020 డిసెంబరులో ప్రారంభమైన ఖమ్మం ఐటీ హబ్‌లోని కంపెనీల ప్రకటనలు కూడా చూస్తూ ఉండండి.

మీ సందేహాలు... మా సమాధానాలు

సార్, నేను బీఎస్సీ కంప్యూటర్స్. బీటెక్ వాళ్లతో పోటీ పడగలనా?
పడగలరు. ఈ రంగంలో చేసి చూపించడం ముఖ్యం. ప్లాన్ పత్రం, నడుస్తున్న ల్యాబ్ ఉంటే మాట్లాడటానికి మీ దగ్గర విషయం ఉంటుంది. అయితే కొన్ని కంపెనీలు, ప్రభుత్వ పోస్టులు అర్హతగా బీటెక్ లేదా ఎంసీఏ అడుగుతాయి. ప్రకటన పూర్తిగా చదవండి.

కోడింగ్ రాదు. పర్లేదా?
పెద్ద ప్రోగ్రామ్‌లు అక్కర్లేదు. షెల్ స్క్రిప్ట్, కొంచెం పైథాన్ తప్పనిసరి. వంద మెషిన్ల మీద ఒకే పని చేత్తో చేయలేం కదా.

మా ఊళ్లో నెట్ సరిగా రాదు. ఎలా నేర్చుకోవాలి?
లినక్స్ ఐఎస్‌ఓలు, డాక్యుమెంటేషన్ కాలేజీలోనో పట్నంలోనో ఒకసారి దించుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి. ఇంట్లో నెట్ లేకుండానే ల్యాబ్ నడుస్తుంది. ఆఫ్‌లైన్‌లో ఇన్‌స్టాల్ చేయడం రావడం మీకు అదనపు నైపుణ్యం. అది రెజ్యూమెలో రాయండి.

ఏఐ వచ్చాక ఈ ఉద్యోగాలుంటాయా?
కమాండ్లు, స్క్రిప్టులు రాసే పని తగ్గుతోంది. గది ఏ అంతస్తులో ఉండాలి, ఏ ఖర్చు తగ్గించవచ్చు, ఏది తగ్గించకూడదు అని వెళ్లి చూసి, అడిగి, బాధ్యత తీసుకునే పని మనుషులదే. ఏఐ నడవడానికీ సర్వర్లు, కరెంటు, చల్లదనం కావాల్సిందే.

ఈ వారమే మొదలుపెట్టండి

మీ కాలేజీ, మీ ఊరి ఆస్పత్రి, సహకార సంఘం... ఏదో ఒకటి ఎంచుకోండి. అనుమతి తీసుకుని వెళ్లి, ఎన్ని కంప్యూటర్లున్నాయో, ఏ సాఫ్ట్‌వేర్ వాడుతున్నారో, కరెంటు ఎన్నిసార్లు పోతోందో, బ్యాకప్ ఎక్కడుందో రాసుకోండి. ఎవరి వ్యక్తిగత వివరాలూ మీ నోట్‌బుక్‌లోకి రానివ్వకండి. తర్వాత ఆరు శీర్షికలతో నాలుగు పేజీల ప్లాన్ తయారు చేయండి: అవసరం, చోటు, సర్వర్ల లెక్క, నెట్‌వర్క్, కరెంటు-చల్లదనం, బ్యాకప్. చివర్లో ఖర్చు, ఏటా నిర్వహణ, 'వద్దు, పబ్లిక్ క్లౌడే మేలు' అనిపిస్తే ఎందుకో కూడా రాయండి. ఆ నాలుగు పేజీలు రెజ్యూమెకు జతచేసి ఇంటర్వ్యూకు వెళ్తే, ప్రశ్నలు మీకు తెలిసిన చోటు నుంచే మొదలవుతాయి.